అయిదో అంతస్తులో మూడో పీట

జపాను వెళ్ళాలంటే విమానం ఎక్కాలని మీరనుకుంటే ఆ ఖర్చు మీకే వదిలేస్తున్నాను. నేను వెళ్ళిన దారి ఇది. మా రేవు నుంచి నాటుపడవలో నాగాయలంక, అక్కడి నుంచి బస్సులో బెజవాడ, బెజవాడలో బందరు రోడ్డు మీద ఒక హోటలు, ఆ హోటల్లో లిఫ్టెక్కితే అయిదో అంతస్తు. తలుపు తీస్తే జపానే. పాస్‌పోర్టు ఎవరూ అడగలేదు. చెప్పులు మాత్రం బయట విప్పమన్నారు. అది మన ఇంట్లోనూ ఉన్న రూలే కాబట్టి నేను పట్టించుకోలేదు.

ఆరో తరగతిలో నేనూ బడీ ఒకరినొకరు భరించలేక విడిపోయాం. అప్పటి నుంచి పడవల ఇంజన్లు బాగుచేసుకుని బతుకుతున్నాను. సామాను కోసం నెలకోసారి ఆటోనగర్ వెళ్తాను కనుక మా రేవులో నన్ను లోకం చూసినవాడి కింద జమకట్టారు. లోకం అంటే ఇంజనాయిలు మరకలున్న నాలుగు వీధులని నేనూ ఎవరికీ చెప్పలేదు. సెల్‌ఫోన్లు ఇంకా అందరి జేబుల్లోకీ రాని రోజులు కాబట్టి నా గొప్ప అలా నిలబడింది.

రేవు

ఈ ప్రయాణం నాది కాదు, మా అన్న పోతురాజుది. అన్న మడపీతలు పట్టేవాడు. వారానికి రెండుసార్లు ఐసు వ్యానులో బెజవాడ వెళ్ళి, రొయ్యలు కొనడానికి వచ్చే జపాను వాళ్ళ కోసం పెట్టిన ఆ హోటలుకి వెనక గుమ్మంలోంచి పీతలు ఇచ్చి వచ్చేవాడు. అక్కడి పెద్ద వంటాయన పేరు ఒకాదా గారు. ఆ పేరు మొదటిసారి ఇంటికి తెచ్చిన రోజు నేను "ఒకడా, ఇద్దరా?" అని అడిగితే, "ఒకడే. మర్యాద మాత్రం పదిమందికి సరిపోయేంత" అన్నాడు అన్న.

మార్గశిరంలో ఒక పొద్దున అన్న ఒక్కడే పడవేసుకుని, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ వైపు వెళ్ళాడు. గాలి లేదు, వాన లేదు, నీళ్ళు పళ్లెంలో పోసినట్టున్నాయి. మధ్యాహ్నానికి పడవ దొరికింది. వల మడతపెట్టి ఉంది. అన్నం గిన్నె కడిగి బోర్లించి ఉంది. మనిషి లేడు.

తొమ్మిది నెలలైంది. అమ్మ ఒకే మాట మీద ఉంది. "వాడు అటూ ఇటూ కాకుండా తిరుగుతున్నాడురా. దర్భలతో బొమ్మ చేసి కర్మ చేసి, మహాలయ అమావాస్యకి పెద్దల్లో కలిపేద్దాం." వదిన నాంచారమ్మ ఒప్పుకోదు. పోట్లాడదు, ఏడవదు. వేళకి అన్నకి కంచంలో వడ్డిస్తుంది. కాసేపు దాని ఎదురుగా కూర్చుంటుంది. తర్వాత అదే కంచంలో తను తింటుంది. మొగుడు తిన్న కంచంలో పెళ్ళాం తినడం మా ఇళ్ళల్లో పాత అలవాటు. పోయినవాళ్ళకి పెట్టింది మాత్రం ఇంట్లోవాళ్ళు ముట్టరు. అది కాకికి. అంచేత వదిన ఆ కంచంలోంచి ముద్ద తీసుకున్న ప్రతిసారీ అమ్మకి జవాబు చెప్పినట్టే.

అలాంటప్పుడు ఐసు వ్యాను డ్రైవరు కబురు తెచ్చాడు. పోతురాజు భార్యని తీసుకొచ్చి తన దగ్గర భోజనం చెయ్యమని ఒకాదా గారి మాట. అన్న ఉన్నప్పుడే ఆయన, ఒక్కసారి నీ భార్యతో ముందు గుమ్మంలోంచి రా అనేవాడట. అన్న వస్తానని మాటిచ్చాడట.

అమ్మ నన్ను పక్కకి పిలిచింది. "తీసుకెళ్ళు. గురువారం రాత్రి అక్కడ భోజనం, శుక్రవారం అమావాస్య. మధ్యాహ్నానికి ఇంట్లో ఉండాలి. పంతులుగారికి చెప్పాను. ఈలోపు దాన్ని ఒప్పించుకురా."

"నేనా?"

"నోరున్నది నీకేగా. ఇన్నాళ్ళూ పనికిమాలినవాటికి వాడావు."

బుధవారం, బస్సు

నాగాయలంకలో బస్సెక్కాం. భాద్రపదం కదా, రోడ్డుకి రెండు పక్కలా వరి పచ్చగా నిలబడి ఉంది. కాలవ నిండా గుర్రపుడెక్క. నీళ్ళు కనపడవు, ఆకులే మెల్లగా ఒక వైపుకి జరుగుతుంటాయి. వదిన మధ్యలో కూర్చుంది, నేను ఈ చివర. కిటికీ పక్కన ఆవిడ సంచి పెట్టుకుంది.

కండక్టరు వచ్చి నా ఇరవై నోటూ పది నోటూ తీసుకుని మూడు టిక్కెట్లు చింపాడు.

"ఇద్దరమేనండీ" అన్నాను.

"ఇద్దరేంటండీ? ఆ కిటికీ పక్కాయనకి?"

"అది సంచండీ. టిక్కెట్టు కొనేంత వయసు దానికింకా రాలేదు."

కండక్టరు నవ్వలేదు. వంగి కిటికీ వైపు చూశాడు. వెనక సీట్ల వైపు కూడా చూశాడు. "ఇందాక ఎక్కారుగా. తడి లుంగీతో" అన్నాడు. తర్వాత తల విదిలించి, "పొద్దున్నుంచి రెండో డ్యూటీ, ఏమనుకోకండి" అని మూడో టిక్కెట్టు వెనక్కి అడిగాడు. వదిన ఆ టిక్కెట్టు ఇవ్వలేదు.

"ఉండనీండి" అంది. "డబ్బులు తీసుకున్నారుగా."

నేను ఆవిడతో మాట్లాడాల్సింది అప్పుడే. అమ్మ పెట్టిన పని నా నాలుక చివర ఉంది. దాని బదులు మోపిదేవి వచ్చేవరకూ కోతికి కొబ్బరికాయ దొరికిన కథ చెప్పాను.

మగ్గం గుంట

చల్లపల్లి దాటాక ఒక ఊరి మొదట్లో బస్సు ఇరుసు విరిగింది. ఇంక రేపే అన్నారు. అది నేతవాళ్ళ ఊరు. వీధి పొడుగునా నూలు పడుగులు సాగదీసి ఉన్నాయి. ఒక ఇంటి అరుగు మీద కూర్చుంటామంటే ఆ ఇంటాయన లోపలికే రమ్మన్నాడు. పేరు కోటయ్య గారు. ఆయన్ని చూసి మొదట జడిశాను. మనిషి నడుం వరకే ఉన్నాడు. మిగతాది నేలలో ఉంది. మగ్గం కింద గుంట తవ్వి అందులో కాళ్ళు దింపుకుని నేస్తారు, నాకు తెలీదు.

"ఏం కంగారు పడకండి, కాళ్ళున్నాయి" అన్నాడాయన. "పొద్దుటి నుంచి పొద్దుగూకే వరకూ సగం గోతిలోనే ఉంటాం. అలవాటైపోతే పూర్తిగా దిగినప్పుడు పెద్ద తేడా తెలీదంటారు మా వాళ్ళు."

నేత పనివాళ్ళలోనూ నాలాంటివాళ్ళు ఉంటారన్నమాట.

వాళ్ళింట్లో పప్పు, చింతకాయ పచ్చడి, పల్చటి మజ్జిగ. మా రేవులో చేప లేని అన్నానికి శిక్ష అని పేరు. కానీ ఆ పచ్చడికి నేను రెండు శిక్షలు అడిగి వేయించుకున్నాను. వదిన వాళ్ళని ఇంకో విస్తరాకు అడిగింది. అందులో అన్నకి వడ్డించి దాని ఎదురుగా కూర్చుంది. కోటయ్య గారి భార్య ఆకు వైపు చూసింది.

"మీ ఆయనేం చేస్తారమ్మా?"

"వేటకెళ్ళారు" అంది వదిన.

కోటయ్య గారు మగ్గం గుంటలోంచి నా వైపు చూశాడు. నేను మజ్జిగ వైపు చూశాను. మగ్గం ఆగింది. అంతసేపూ ఆ చప్పుడు వింటున్నట్టు నాకు తెలీదు, ఆగాకే తెలిసింది.

పొద్దున బయల్దేరేటప్పుడు ఆ ఇల్లాలు కుంకుమ భరిణె పట్టుకొచ్చింది. ముత్తయిదువని బొట్టు పెట్టకుండా పంపరు కదా. భరిణె మూత తీసి, వేలు ముంచి, వదిన మొహం దగ్గరికి తెచ్చి ఒక్క క్షణం ఆగింది. వదినే తల ముందుకి వంచి నుదురు ఆ వేలికి ఆనించింది.

వీధి మలుపు తిరిగాక నేను నోరు తెరిచాను. "వదినా, అమ్మ నన్నొక మాట అడగమంది."

"తెలుసు ఏడుకొండలూ. రెండు రోజుల నుంచి నీ జోకులు బాలేవు."

"మరి?"

"ఆయన వస్తానన్న చోటికి నన్ను వెళ్ళనీ. తర్వాత చెప్తాను."

అడగాల్సిన మాట అలా తేలిపోయింది. జవాబు మాత్రం అయిదో అంతస్తులో ఉంది.

గురువారం, బెజవాడ

ఉయ్యూరు దగ్గర చెరుకు పానకం వాసన బస్సులోకి ఎక్కి కంకిపాడులో దిగింది. బెజవాడ చేరేసరికి మధ్యాహ్నం. ఎండ సంగతి చెప్పను, చెప్తే మీకూ పడుతుంది. బస్టాండు దగ్గర లాడ్జిలో వదినకి ఒక గది, నాకు దాని ముందు వసారాలో మంచం. గదికి నూట ఇరవై, మంచానికి ముప్పై. నల్లులు ఉచితం.

సాయంత్రం ఏడింటికి ఆ హోటలుకి వెళ్ళాం. ముందు గుమ్మంలోంచే. కాపలా మనిషి నన్ను చూసి చెయ్యి అడ్డం పెట్టబోయి, వదిన మొహం చూసి తీసేశాడు. అయిదో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఎదురుగా ఒక జపాను ఆవిడ. పాదాల వరకూ నీలం అంగీ, నడుముకి దిండంత పట్టీ. నడుం వంచి దణ్ణం పెట్టింది. నేనూ వంగాను. ఆవిడ ఇంకా వంగింది. నేను ఇంకా వంగాను.

"చాల్లెండి, నడుం పట్టేస్తుంది" అంది ఆవిడ. "మాది కంకిపాడండీ. సుశీల నా పేరు. ఈ గుడ్డలు డ్యూటీ అయ్యేవరకే."

సుశీల గారే ఒకాదా గారి మాటలు మనకీ, మన మాటలు ఆయనకీ చేరవేస్తుంది. పదేళ్ళుగా ఆయన దగ్గర చేస్తూ ఆ భాష పట్టుకుందట. ఆయన బయటికొచ్చాడు. తెల్లజుట్టు, అరవై దాటి ఉంటాయి, చేతులు మాత్రం కుర్రాడివి. వదిన ముందు మోకాళ్ళ మీద కూర్చుని నుదురు నేలకి ఆనించాడు. వదిన కంగారుపడి వెనక్కి జరిగింది.

"మీ ఆయన తెచ్చిన పీతలకి తాడు కట్టే పద్ధతి ఇంకెవరికీ రాదంటున్నారు" అంది సుశీల గారు. "ఒక్క కాలు కూడా విరిగేది కాదంట. ఆ చేతికి దణ్ణం పెడుతున్నాను అంటున్నారు."

ఆ రాత్రి మేం తప్ప ఆ గదిలో ఎవరూ లేరు. పిలిచిన రోజు వేరేవాళ్ళని రానివ్వలేదట. కాగితం తలుపులు, వాటి వెనక పల్చటి దీపం, మూల ఎక్కడో వెదురు గొట్టంలోంచి నీటిచుక్క. ఒక చుక్క పడ్డాక రెండోది పడుతుందా అని ఎదురుచూడాల్సి వచ్చేది. కింద బందరు రోడ్డు మీద ఇన్ని లారీలు పోతున్నాయి కదా, ఒక్క హారను కూడా పైకి రాలేదు.

నేల మీద పొట్టి బల్ల. బల్ల కింద కాళ్ళు దింపుకోడానికి గుంట. మళ్ళీ గుంటే. పీటలకి బదులు మూడు మెత్తలు వేసి ఉన్నాయి. వదిన ఒకదాని మీద, ఎదురుగా నేను. నా పక్కన మూడోది ఖాళీ.

"ఇదెవరికండీ?"

"వస్తానన్నాయనకి" అంది సుశీల గారు.

పళ్లేలు

జపాను భోజనం గురించి వెళ్ళనివాళ్ళకి ముందు చెప్పాల్సింది, అది భోజనం కాదు. మనం వండి ఆకు నిండా ఒకేసారి వడ్డిస్తామా, వాళ్ళు ఒక్కో పళ్లెం తెస్తారు. పళ్లెం అరచేయంత, అందులో తిండి గోరంత. అది తీసేసి ఇంకోటి. చేప ముక్కలు మూడు, పచ్చివి, అడ్డంగా ఆనించి, పక్కన ఒక ఆకు. తర్వాత ఉప్పు రాసి కాల్చిన పండుగప్ప, రెండు వేళ్ళంత. తర్వాత ఒక్క రొయ్య, తోక నిలబెట్టి. ధరల కార్డు అడిగి తీసుకుని చూశాను. ఆ పండుగప్ప ముక్క మూడొందల నలభై. మా రేవులో ఆ డబ్బుకి చేపంతా వస్తుంది, చేపని పట్టినవాడు వచ్చి కబుర్లు కూడా చెప్తాడు. కార్డు చూశావా అన్నట్టు ఒకాదా గారు నవ్వాడు. మీ దగ్గర డబ్బు తీసుకోను అని ముందే చెప్పాడు కాబట్టి నేనూ నవ్వాను.

కానీ రెండో పళ్లెం దగ్గరే నా నవ్వు సన్నబడింది. ఆయన ప్రతి పళ్లెమూ ముందు ఖాళీ మెత్త దగ్గర పెట్టేవాడు. రెండు చేతులతో. తర్వాత వదినకి, ఆఖరున నాకు. అన్నీ చిటికెడు, అన్నీ వేరువేరుగా, మాట లేకుండా. ఈ వడ్డన నేనెక్కడో చూశాననిపించింది. గుర్తొచ్చింది. పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ కొంచెం కొంచెం ఆకులో పెట్టి, తలుపు దగ్గరగా వేసి బయట కూర్చుంటామే, అది ఇదే. ఇక్కడ మేం తలుపు లోపల ఉండిపోయాం.

పచ్చి చేప పక్కన ఆకుపచ్చ ముద్ద ఒకటి ఉంది. పచ్చడి కదా అని మొత్తం నోట్లో వేసుకున్నాను. అది నాలుక్కి కాదు, ముక్కులోంచి నడినెత్తికి వెళ్ళింది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. సుశీల గారు నవ్వు ఆపుకుంటూ నీళ్ళిచ్చింది. వదినా అంతే ముద్ద తిన్నది. ఆవిడ కళ్ళు పొడిగా ఉన్నాయి. తొమ్మిది నెలలుగా అంతే. తనది అయ్యాక, కాసేపు ఆగి, చెయ్యి చాచి ఖాళీ మెత్త ముందున్న పళ్లెం తీసుకుని అదీ తిన్నది. ప్రతి పళ్లెమూ అలాగే, ముందు తనది, తర్వాత మా అన్న వాటా.

ఒకాదా గారు చూస్తూ ఉండిపోయాడు. సుశీల గారిని ఏదో అడిగాడు. ఆవిడ మా పద్ధతి చెప్పింది.

అప్పుడే నా పాదాలకి తడి తగిలింది. గుంటలో, నా పక్కన, ఖాళీ మెత్త ఉన్న వైపు నేల తడిగా ఉంది. మొదట చుక్క అనుకున్నాను. కాలు జరిపి చూస్తే మడమ మునిగేంత.

"సుశీల గారూ, కింద నీళ్ళున్నాయండీ."

ఆవిడ వంగి చూసింది. "ఏసీ నీళ్ళండీ. పైపు కారుతుంటుంది."

ఏసీ నేను విప్పి బిగించినవాణ్ణి. దాని నీళ్ళకి వాసన ఉండదు. ఈ నీళ్ళకి బురద వాసన, ఏటిమొగ దగ్గర పోటు తీసినప్పుడు వచ్చే వాసన. వదినకి చెప్పలేదు. కాళ్ళు పైకి తీసుకుని మఠం వేసుకున్నాను.

మూతలు

ఆఖరున అన్నం వచ్చింది. మూడు నల్లటి గిన్నెలు, మూడింటికీ మూతలు. మూడూ ఒకే కుండలోంచి నా కళ్ళముందే తోడారు, ఆవిరి లేస్తోంది. మూతలు పెట్టాక ఒకాదా గారు బల్ల చివర కూర్చున్నాడు. మాట్లాడుతుంటే సుశీల గారు మెల్లగా చెప్పుకొచ్చింది.

"వాళ్ళ దేశంలోనూ ఈ పద్ధతి ఉందంటమ్మా. దూరం వెళ్ళినవాళ్ళకి, జాడ తెలీనివాళ్ళకి ఇంట్లో పళ్లెం పెడతారంట. అన్నం గిన్నెకి మూత పెట్టి, కాసేపయ్యాక తీస్తారంట. మూత లోపల చెమట పడితే ఆ మనిషి క్షేమం. ఎక్కడో తింటున్నాడని అర్థం."

"పట్టకపోతే?" అంది వదిన.

సుశీల గారు అడిగింది. ఆయన తలూపాడు.

"పట్టకపోవడం ఎప్పుడూ చూళ్ళేదంట."

నాకు ఆ నిమిషంలో ఒకాదా గారి మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. ఇంజన్లు విప్పేవాడికి ఈ సంగతి తెలీదా? వేడన్నం మీద మూత పెడితే చెమట పట్టక చస్తుందా? ఆ దేశం ఆడవాళ్ళు ఎంత తెలివైనవాళ్ళో చూడండి. ఎప్పుడు అడిగినా అవునని చెప్పే ప్రశ్న కనిపెట్టుకున్నారు. అమ్మ పెట్టిన పని నేను అక్కడికక్కడే వదిలేశాను. మూత తడిగా వస్తుంది, వదిన గాజులు వదినకే ఉంటాయి. పంతులుగారికి అయిన ఖర్చులేవో నేనిచ్చుకుంటాను. అమ్మకి చెప్పే మాట కూడా సిద్ధం చేసుకున్నాను.

"ముందు నీది తియ్యి" అంది వదిన.

తీశాను. మూత లోపల ముత్యాల్లా నీళ్ళు. వంచితే బల్ల మీద కారాయి. వదిన తనది తీసింది. ధార కట్టింది.

మూడోది తీయడానికి ఒకాదా గారు చెయ్యి చాచాడు. వదిన వద్దని తనే తీసింది. తిప్పి దీపం వైపు పట్టుకుంది.

పొడిగా ఉంది. ఎవరో కొత్త గుడ్డతో తుడిచి పెట్టినట్టు. నల్లటి రంగులో దీపం కనిపిస్తోంది, దీపం పక్కన వదిన మొహం, ఒక్క చుక్క కూడా అడ్డం లేకుండా.

ఒకాదా గారు మూత తీసుకుని వేలితో లోపల రాసి చూసుకున్నాడు. మళ్ళీ రాశాడు. గిన్నె మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. నేనూ ముట్టుకున్నాను. నా గిన్నె చేతికి చురుక్కుమంటోంది. అన్న గిన్నె ఐసు పెట్టెలోంచి తీసినట్టుంది.

ఏదో ఒక జోకు వేసి ఈ గదిని మామూలు గదిని చెయ్యాలి. అది నా డ్యూటీ. "గిన్నె చిల్లిదేమో..." అన్నాను. మిగతాది రాలేదు.

ఒకాదా గారు ఏదో అన్నాడు, సుశీల గారు చెప్పింది. "ఆయన చిన్నప్పుడు వాళ్ళ నాన్న యుద్ధానికి ఓడెక్కి వెళ్ళారంట. వాళ్ళమ్మ ముప్పై ఏళ్ళు పళ్లెం పెట్టింది. రోజూ మూతకి చెమట పట్టేది. నాన్న రాలేదు. పెద్దయ్యాక ఈయనకి అర్థమైంది, అది అన్నం వేడి మాత్రమేనని. మీకు మంచిమాట చెబుదామనే పెట్టానంటున్నారు. ఇలా అవుతుందని తెలీదు, క్షమించమంటున్నారు."

"ముప్పై ఏళ్ళా?" అంది వదిన.

"ముప్పై ఏళ్ళంట."

"ఆవిడ పోయేవరకూనా?"

"ఆవిడ పోయేవరకూ."

వెదురు గొట్టంలోంచి చుక్క పడింది. వదిన గిన్నె దగ్గరికి లాక్కుంది. ఆవిడ చెయ్యి అన్నం మీదికి వెళ్ళింది. నేను ఆ చేతినే చూస్తున్నాను. ఇన్ని నెలలుగా మూడు పూటలా చూసిన చెయ్యి అది, ముద్ద చేస్తుంది, నోట్లో పెట్టుకుంటుంది. వేళ్ళు మెతుకులని తాకాయి. ఆగాయి. వెనక్కి వచ్చాయి.

ఆవిడ వేళ్ళు తుడుచుకుని మూత అందుకుని గిన్నె మీద తిరిగి పెట్టింది.

"సుశీల గారూ" అంది. "ఈ ఊళ్ళో పొద్దున్నే కాకులు ఎక్కడుంటాయండీ?"

శుక్రవారం, ఘాటు

ఆ గిన్నెలో అన్నం ఒకాదా గారే అరిటాకులో కట్టి ఇచ్చాడు. తెల్లవారుతుండగా ఏటి ఒడ్డున ఘాటుకి వెళ్ళాం. అమావాస్య కదా, ఊరంతా అక్కడే ఉంది. మెట్ల పొడుగునా ఆకులు, పిండాలు, నువ్వులు. కాకులకి ఆ రోజు పెళ్ళిభోజనం. కడుపులు నిండి తీగల మీద కూర్చుని, కింద ఎవరు ఎంత బతిమాలినా చూడటం లేదు.

"ఇవాళ వీటికి బాగా గిరాకీ అమ్మా" అన్నాడు పక్కన ఒక పంతులుగారు. "ఓపిక పట్టాలి."

వదిన పై మెట్టు మీద, పొడిగా ఉన్న చోట ఆకు విప్పి పెట్టింది. ఆరడుగులు వెనక్కి వచ్చి నిలబడింది. ఎంతసేపు నిలబడ్డామో తెలీదు. ఎండ మెట్ల మీదకి దిగింది. ఒక్క కాకి కూడా కదల్లేదు. మా అటూ ఇటూ వాళ్ళు వచ్చారు, పెట్టారు, వెళ్ళారు. నాకు భయం పట్టుకుంది. కాకి ముట్టకపోతే వదిన ఆ ఆకు తీసుకుని మళ్ళీ ఇంటికి వస్తుంది. మళ్ళీ కంచం. ముప్పై ఏళ్ళు.

వదిన ముందుకి ఒక అడుగు వేసింది. గొంతు పెంచలేదు. ఇంట్లో అన్నానికి పిలిచేటప్పటి గొంతే.

"మావా, ఇంక నేను తినను. నువ్వే తిను."

ఆవిడ కళ్ళలోంచి అప్పుడు నీళ్ళు వచ్చాయి.

తీగల మీద నుంచి కాదు, ఏటి వైపు నుంచి ఒక కాకి వచ్చి మెట్టు మీద వాలింది. రెక్కల నుంచి నీళ్ళు కారుతున్నాయి. మెట్టు మీద నడుచుకుంటూ ఆకు దగ్గరికి వెళ్ళింది. తల వంచి తినడం మొదలుపెట్టింది, మెతుకు మిగల్చకుండా, నింపాదిగా. వదిన చూస్తూ నిలబడి, అది తినడం అయ్యాక చేతి గాజుల మీదికి కొంగు లాక్కుని, "పద ఏడుకొండలూ, మధ్యాహ్నానికి చేరాలి" అని మెట్లెక్కింది.

నేను ఒక్క క్షణం వెనకపడ్డాను. పొడి రాయి మీద, ఏటి వైపు నుంచి ఆకు వరకూ తడి అడుగులు పడి ఉన్నాయి. వంగి దగ్గరగా చూశాను.

కాకి అడుగులే.